దొరసాని కాళ్ల కింద రొయ్యలు

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు తెలియని సంగతి లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఆ తర్వాత ఏటేటా ఒక్కో సంగతి తెలియకుండా పోతూ వచ్చి, ఇప్పుడు నలభై దాటాక మిగిలినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ సర్వజ్ఞత రోజుల్లోనే నేను ఇంగ్లీషు ఎం.ఏ. పట్టాతో, ఒక జనపనార సంచితో, సగం పెరిగిన గడ్డంతో వెంకటాచలం దగ్గరున్న మా ఊళ్లో దిగాను. పట్టా మా నాన్న కోసం. గడ్డం నా కోసం. సంచిలో ఉన్నవి మాత్రం లోకాన్ని మార్చడానికి. అవన్నీ వలసవాదానంతర విమర్శ అనే విద్యకు సంబంధించిన జిరాక్సు కాగితాలు. పేరు చూసి భయపడకండి, విషయం తేలికే. తెల్లవాళ్లు రాసిన పుస్తకాన్ని వాళ్లు చదవమన్నట్టు చదవకూడదు. అందులో ఎవరు మాట్లాడుతున్నారని కాదు, ఎవరు మాట్లాడటం లేదని చూడాలి. పంకా లాగేవాడు, పల్లకీ మోసేవాడు, టీ కప్పు బల్ల మీద పెట్టి వెనక్కి వెనక్కి నడిచి వెళ్లేవాడు, వీళ్లకు ఆ పుస్తకంలో పేరుందా, నోరుందా అని అడగాలి. అంతే. ఇది మంచి ప్రశ్న. ఇప్పటికీ మంచి ప్రశ్నే అంటాను. చిక్కల్లా అది నాబోటివాడి చేతికి దొరకడమే.

ముందు ఇంట్లో మొదలుపెట్టాను. మా నాన్నను క్రికెట్ చూడటం మానేయమన్నాను, అది దొరల ఆట అని. ఆయన నన్ను గదిలోంచి బయటికి పొమ్మన్నాడు, అప్పుడు చివరి ఓవరు నడుస్తోంది. అమ్మ టీ తెచ్చి ఇస్తే, ఆ టీ వెనక ఉన్న తోటల గురించి, ఓడల గురించి, బానిసత్వం గురించి పావుగంట చెప్పాను. ఆమె గ్లాసు పట్టుకుని ఓపిగ్గా నిలబడి, "అయితే ఇప్పుడు తాగతావా అబ్బయ్యా, గేదె కుడితిలో పోసేదా?" అంది. తాగాను. నిరసనతో తాగాను. (నిరసనతో తాగినా అల్లం టీ అల్లం టీయేనని ఒప్పుకోవాలి.)

ఆ ఊపులోనే సూళ్లూరుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. తాత్కాలికం. అక్కడి ప్రిన్సిపాలును అందరూ గంట సారు అనేవాళ్లు. అటెండరు మీద నమ్మకం లేక కాలేజీ గంట తన చేత్తోనే కొట్టేవాడు, సెకను తేడా రానిచ్చేవాడు కాదు. భక్తుడైన క్రైస్తవుడు, మితభాషి. మొదటి వారంలోనే నేను ఆయనకు జ్ఞానోదయం కలిగించబోయాను. మిషనరీలు మనకు ఇంగ్లీషు నేర్పడం వెనక పెద్ద కుట్ర ఉందని, మన నోళ్లు మూయించడానికే మన చేతికి పలక ఇచ్చారని చెప్పాను. ఆయన అంతా విని, కళ్లజోడు తుడుచుకుని, "నిజమే ఉండొచ్చు నాయనా. మా తాతకు పలకా బలపం ఇచ్చింది ఒక దొరసానే. అంతకుముందు మీ తాతల ఊళ్లో బడి ఉండిందంట గానీ, ఆ బడి అరుగు మా తాతను ఎక్కనిచ్చినారా, కనుక్కొని చెప్పు" అన్నాడు. చెప్పి, లేచి వెళ్లి గంట కొట్టాడు. నేను కనుక్కోలేదు. జవాబు తెలిసే కనుక్కోలేదు. మా పొలంలో నా చిన్నప్పటి నుంచి పనిచేసిన ఆయన్ని మా ఇంట్లో అందరం "ఒరే" అనే పిలిచేవాళ్లం. ఆయనకో పేరుంటుందన్న ఆలోచన, అంత విద్య సంచిలో పెట్టుకు తిరుగుతున్న నాకు, ఆ రోజు కూడా రాలేదు.

ఇక అసలు సంగతి. డిగ్రీ మూడో సంవత్సరం పాఠ్యపుస్తకంలో ఎనిమిది పేజీల ప్రయాణ వ్యాసం ఒకటి ఉండేది. నూరేళ్ల కిందట ఎవరో కలెక్టరు చెల్లెలట, మన పులికాట్ సరస్సు మీద ఒక రోజు పడవలో తిరిగి రాసుకున్నది. గొడుగు వేసుకుని పడవలో కూర్చుంది. పడవవాడు తెడ్డు వేశాడు. రెండు గంటల్లో చేరాల్సిన అవతలి గట్టుకు సాయంత్రం దాకా చేరలేదు. దారిలో పడవవాడు ఏడు చోట్ల పడవ ఆపాడట. ఆపిన ప్రతిచోటా వంగి నీళ్లలో చెయ్యి పెట్టి, చాలాసేపు కళ్లు మూసుకుని ఉండి, తర్వాత ఆ చేతిని తలకు రాసుకున్నాడట. ఈ అమాయకులు నీటిని దేవతగా కొలుస్తారు అని ఆమె రాసింది. రోజంతా పడవవాడు ఒక్క మాట మాట్లాడలేదట. ఈ జాతికి మౌనమే భాష అని రాసింది. మధ్యాహ్నం తనకు మైకం లాంటి స్వప్నం కమ్మిందట. మెలకువ వచ్చేసరికి పడవ బరువెక్కి నీళ్లలో కిందికి దిగినట్టు తోచిందట. శతాబ్దాల భారం ఏదో ఈ సరస్సు మీద ఉంది, దాని పురాతన దుఃఖపు వాసన కూడా నా దుస్తులకు అంటింది అని ముగించింది.

ఆ ఎనిమిది పేజీల మీద నేను మూడు వారాలు చెప్పాను. పడవవాడికి పేరు లేదు చూడండి అన్నాను. గొంతు నొక్కేశారు చూడండి అన్నాను. బల్ల గుద్దాను. ఆ ప్రార్థనలన్నీ పచ్చి అబద్ధాలని, తూర్పు దేశాల వాళ్లంటే రోజంతా దండాలు పెట్టే జనమని ఊహించుకుని తెల్లవాళ్లు ఇలాగే రాసేవారని చెప్పాను. ఒక్క శతాబ్దాల భారం మీదే వారం రోజులు నడిచింది. అది వలసపాలన మోపిన భారమేనని, పాపం దొరసానికి కూడా తెలియకుండా ఆమె కలంలోంచి నిజం జారిపడిందని చెప్పినప్పుడు నా కళ్లు నాకే చెమర్చాయి. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. ఒక్క కిటికీ అమ్మాయి రాసుకోలేదు.

కిటికీ అమ్మాయి అని పేరు పెట్టింది నేనే, కిటికీ పక్కన కూర్చునేది కాబట్టి. సరస్సు మధ్య దీవిలో ఉన్న బెస్త పల్లె వాళ్లది. పొద్దున్నే పడవెక్కి, తర్వాత బస్సెక్కి కాలేజీకి వచ్చేది. ఆ రోజు ఆమె చెయ్యెత్తింది.

"సార్, ఆమె అబద్ధం రాయలేదు సార్. కంటికి కనపడిందే రాసింది. అర్థం గాలేదు, అంతే."

"ఏమిటమ్మా అర్థం కానిది?"

"అది దండం కాదు సార్. వల తడుముకుంటా ఉన్నాడు."

క్లాసు నవ్వింది. నేనూ జాలిగా నవ్వాను. "అమ్మా, మనం ఇక్కడ సాహిత్యం చదువుతున్నాం, చేపలు పట్టడం లేదు" అన్నాను. (ఈ వాక్యాన్ని మీరు మరిచిపోవచ్చు. నేను ఇంతవరకూ మరిచిపోలేకపోయాను.) ఆమె కూర్చుంది గానీ, ఆ వారం ఇరవై మార్కుల వ్యాసంలో అదే రాసి ఇచ్చింది. నేను నాలుగు మార్కులు వేసి, ఎర్ర సిరాతో "సిద్ధాంతం లేదు. అన్నీ వినికిడి మాటలు" అని రాశాను.

అప్పుడే నెల్లూరులో ఒక సాహిత్య సదస్సు ప్రకటన వచ్చింది. కాలేజీకి ఒక్క పత్రమే. ఎవరిది మంచిదైతే వాళ్లదే పంపుదాం, టీచరైనా పిల్లలైనా, అన్నాడు గంట సారు. సదస్సులో పత్రం చదివితే నా తాత్కాలికం పర్మనెంటు అయ్యే అవకాశం ఉందని కూడా ఎవరో అన్నారు. పది రోజులు తెల్లకాగితం ముందు కూర్చున్నాను. "మౌనం" అని శీర్షిక రాసి, అదే కొనసాగించాను. పదకొండో రోజున దిక్కుతోచక పిల్లల వ్యాసాలు తిరగేస్తుంటే నాలుగు మార్కులది చేతికొచ్చింది. రెండోసారి చదివాను. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. ఎందుకంటే అందులో ఉన్నది నిజం. అంతకన్నా ఇబ్బందేమిటంటే, నేను మూడు వారాలు గొంతు చించుకుని చేయలేని పనిని ఆ పిల్ల మూడు పేజీల్లో చేసింది. పడవవాణ్ని మాట్లాడించింది.

మర్నాడు ఆమెను పిలిచి, ఈ మాటలు ఎవరు చెప్పారని అడిగాను. "మా తాత సార్" అంది. "మీ తాత మాటలు మనం నెల్లూరులో చదవాలమ్మా" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ "మనం"లో తనున్నానని ఆమె అనుకుంది. నేనొక్కణ్నే ఉన్నానని నాకు తెలుసు. ఆదివారం ఆమెతో పడవెక్కి దీవికి వెళ్లాను.

తాత ఇంటి ముందు కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. మనవరాలు దొరసాని వ్యాసాన్ని మళ్లీ తెలుగులో చెబుతుంటే, మొదటిసారి విన్నట్టే నోట్లో బీడీ జారి ఒళ్లో పడేదాకా నవ్వాడు. "ఏడు చోట్లా! ఏడు చోట్ల ఆగినాడా? అది దండం అనుకునిందా పిచ్చితల్లి!" అని లుంగీ దులుపుకుంటూ నాకు వివరించాడు. సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి. అక్కడ కర్రలు నాటి వల కడతారు. అందరూ ఒకేసారి పడితే తన్నుకు చస్తారు కాబట్టి, పల్లెలో చీటీలేసి, ఏ రోజు ఏ ఇంటికి ఏయే చోట్లో వంతు పెట్టుకుంటారు. వాళ్ల ముత్తాతల నాటి నుంచి అదే కట్టుబాటు.

"ఆ పొద్దు ఆయన వంతు అయ్యుంటాది సామీ. సరిగ్గా ఆ పొద్దే కచేరీ బంట్రోతు వచ్చి, దొరసానిని దించి రారా అన్నుంటాడు. కాదంటే కొడతారు. ఔనంటే వంతు పోతాది, మళ్లా నెల దాకా రాదు. ఏం చేస్తాడు? ఆమెను ఎక్కించుకునే వంతుకు పొయ్యినాడు!"

"మరి మాట్లాడలేదెందుకు తాతా?" అన్నాను, రాసుకుంటూ.

"నోరు తెరిస్తే ఆమె అడగదా, ఏం చేస్తా ఉండావు నాయనా అని? తెలివి గలోడు, మూసుకున్నాడు."

"చెయ్యి తలకు రాసుకోవడం?"

"తడి చెయ్యి యాడ తుడుచుకుంటాడు, ఆమె గౌనుకా? ఎండకు నెత్తి కాలతా ఉంటే నెత్తికే తుడుచుకున్నాడు."

"స్వప్నం?"

"ఎండ కదా, కునుకు పట్టింటాది. ఆమె నిద్రపోయినప్పుడే వలలు ఎత్తి, రొయ్యలు అడుగు పలకల కింద పోసినాడు. ఏమే, పడవ బరువెక్కింది అని రాసిందన్నావే, నాలుగు బుట్టలన్నా ఉంటాయి! దుఃఖం వాసన అంట, దుఃఖం!" అని మళ్లీ మొదలుపెట్టాడు. నేను ఏడు రోజులు కంటతడితో చెప్పిన శతాబ్దాల భారం నాలుగు బుట్టల పచ్చిరొయ్యలని, అవి దొరసాని కాళ్ల కిందే ఉన్నాయని ఆ విధంగా నాకు తెలిసింది.

మధ్యాహ్నం రొయ్యల పులుసుతో అన్నం పెట్టారు. మూడుసార్లు వడ్డించుకున్నాను. వచ్చేటప్పుడు నా పుస్తకంలో పద్నాలుగు పేజీల రాత ఉంది. తాత పేరు లేదు. అడగాలని తోచలేదు. మన వైపు ఎంత కొత్తవాళ్లనైనా వరసపెట్టి పిలవడం మర్యాద. తాతా, అవ్వా, అన్నా, అక్కా అంటూ నిండు జీవితం పేర్లు అక్కర్లేకుండా గడిపేయవచ్చు. నా పొట్టలో ఆయన పెట్టిన రొయ్యలున్నాయి, నోట్లో ఆయన వరస ఉంది. పేరుతో పనేముంది?

పత్రం వారంలో పూర్తయింది. తాత మాటలకు సిద్ధాంతం పూత పూశాను. వంతు కోసం వెళ్లిన పడవవాణ్ని సామ్రాజ్యాన్ని ధిక్కరించిన వీరుడిగా మార్చాను. రొయ్యల్ని "ప్రతిఘటన ఫలాలు" అన్నాను. తాతను "ఒక స్థానిక సమాచారదాత" అన్నాను. కిటికీ అమ్మాయిని ఏమీ అనలేదు, ఎందుకంటే పత్రంలో ఆమె ఎక్కడా లేదు. గంట సారు అడిగితే, పిల్లల వ్యాసాల్లో పంపదగ్గది ఏదీ లేదని చెప్పాను.

సదస్సు రోజున నెల్లూరులో వేదిక మీద నిలబడి, దస్తీతో చెమట తుడుచుకుని, హాలు వైపు చూశాను. ముందు వరసలో గంట సారు. చివరి వరసలో కిటికీ అమ్మాయి. ఆమె పక్కన ఇస్త్రీ మడతలు చెదరని తెల్లచొక్కాలో తాత. నెల్లూరులో నీ మాటలు చదువుతారంట అని పల్లె పల్లెంతా చెప్పి పంపారట. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను చూడనట్టు కాగితాలు సర్దుకున్నాను.

పత్రం ఇంగ్లీషులో చదివాను. ఆమె తాత చెవిలో తెలుగు చెబుతూ పోయింది. మొదట ఆయన నవ్వుతూ తలాడించాడు. తర్వాత తలాడించడం మానేశాడు. ముగించగానే చప్పట్లు బాగానే పడ్డాయి. అధ్యక్షత వహిస్తున్న పెద్దావిడ, రిటైరైన ప్రొఫెసరు, మెడలో గొలుసుకు కళ్లజోడు వేలాడుతూ ఉంటుంది, "చాలా మంచి పత్రం. ప్రశ్నలుంటే అడగండి" అన్నారు. తాత లేచాడు.

"ఆ తిరుగుబాటు అంటా ఉండాడే, అది నేను చెప్పలేదమ్మా. వంతు పోతే ఇంట్లో పిల్లోళ్లు పస్తు. దానికే పొయ్యినాడు. యుద్ధం చేసేవాడికి రొయ్యలెందుకు?"

హాలంతా నవ్వు. అధ్యక్షురాలు కళ్లజోడు పెట్టుకున్నారు. "మీరెవరండీ?"

"ఆయన కాగితంలో స్థానికుడని ఎవురో ఉండారంట గదా. అది నేనే."

అప్పుడు కిటికీ అమ్మాయి లేచింది. కోపం లేదు. క్లాసులో సందేహం అడిగే గొంతే. "సార్, దొరసాని పడవవాడి పేరు రాయలేదని మూడు వారాలు చెప్పినారు. బల్ల కూడా గుద్దినారు. మీ పేపర్లో మా తాత పేరు ఏ పేజీలో ఉంది సార్?"

పాపం చేసినవాడికి ఒప్పుకునే అవకాశం ఒకసారే వస్తుంది, ఆ క్షణం అదే. నేనేం చేశానంటే, "ఫుట్‌నోట్‌లో ఉందమ్మా" అన్నాను.

"ఏదీ, చదవండి" అన్నారు అధ్యక్షురాలు.

గంట సారు వైపు చూశాను. సదస్సులో వేళ చూసే పని కూడా ఆయనకే ఇచ్చారు కాబట్టి గంట ఆయన ముందు బల్ల మీదే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. సరిగ్గా భోజనాల వేళ కూడా అయింది. జీవితంలో మొదటిసారి ఆయన గంట కొట్టలేదు. నేను ఆఖరి కాగితం తిప్పాను. దాని వెనక మా అమ్మ రాసిన సరుకుల చీటీ ఉంది. చింతపండు అరకిలో, మెంతులు వంద గ్రాములు. దాన్నే గంభీరంగా రెండు క్షణాలు చూసి, ఇక దారి లేక, మైకు దగ్గరికి వంగి అడిగాను. "తాతా, మీ పేరేంది?"

 తాత నా వైపు చూశాడు. మా ఇంట్లో అన్నం తిన్నావు గదా అన్నట్టు చూశాడు.

"పడవోడు అని రాసుకో సామీ. నూరేళ్లుగా అదే గదా రాస్తా ఉండారు."

ఆ తర్వాత నేను చెప్పిందేమిటో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఈ పత్రం నాది కాదని, ఆ అమ్మాయిదని, ఆ వ్యాసానికి నేను నాలుగు మార్కులు వేశానని చెప్పినట్టున్నాను. నాలుగు అన్నప్పుడు హాల్లో ఎవరో ఈల వేశారు. అధ్యక్షురాలు కిటికీ అమ్మాయిని వేదిక మీదికి పిలిచారు. ఆమె సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో పది నిమిషాలు మాట్లాడింది, కాగితం లేకుండా. నాకు పడిన చప్పట్లు ఆమెకు పడిన చప్పట్ల ముందు ఎందుకూ కొరగావు. అప్పుడు గంట సారు గంట కొట్టాడు.

సాయంత్రం సూళ్లూరుపేట పాసింజరులో ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. గూడూరు దాటింది. తాతే సంచిలోంచి పులిహోర పొట్లం తీసి, నా చేతిలో పెట్టి, "తిను. తినకుండా ఏడిస్తే ఏం లాభం" అన్నాడు. పేరు అడిగాను. ఈసారి మైకు లేకుండా అడిగాను. చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. పుస్తకంలో రాసుకున్నాను. మనవరాలి మార్కులు దిద్ది పందొమ్మిది చేశానని చెప్పాను.

"ఆ ఒక్కటీ ఎందుకు తగ్గింది సార్?" అందామె, కిటికీలోంచి చూస్తూ.

"నా పరువు కోసం ఉంచుకున్నానమ్మా."

"పెట్టుకోండి సార్. మీకే అవసరం."

ఆ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. కాకపోవడం న్యాయమే. అక్కడా ఇక్కడా తిరిగి ఇప్పుడు తడ దగ్గర ఫ్యాక్టరీల్లో యంత్రాలతో పాటు వచ్చే పుస్తకాలను తెలుగులోకి మారుస్తుంటాను. ఏ మీట నొక్కాలి, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు, అలాంటివి. వాటి మీద నా పేరు ఉండదు. మా పొలంలో పనిచేసిన ఆయన పేరు కూడా ఆ తర్వాత కనుక్కున్నాను. అప్పటికి ఆయన పోయాడు. ఆయన కొడుకును అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అది నవ్వు వచ్చే సంగతి కాదు కాబట్టి ఇక్కడ ఆపుతాను.

కిటికీ అమ్మాయి ఇప్పుడు నెల్లూరులో ఒక కాలేజీలో అదే విద్య చెబుతోంది. పోయినేడు ఫోను చేసి, "ఒకసారి మా క్లాసుకు రండి సార్, వెనక కూర్చోండి, మాట్లాడొద్దు" అంది. వెళ్లాను. పిల్లల చేతుల్లో ఏవో జిరాక్సు కాగితాలున్నాయి. చూస్తే నా పత్రమే. సదస్సు సంచిక ముందే అచ్చుకు వెళ్లిపోయింది కాబట్టి, స్థానిక సమాచారదాతతో సహా అలాగే ఉండిపోయింది. దొరసాని వ్యాసం పక్కన పెట్టి, రెండూ పోల్చి చదవమని పాఠం. ముందు బెంచీలో ఒక కుర్రాడు లేచి, "మేడం, ఈయన దొరసాని కన్నా ఘోరం. ఆమెకు కనీసం తెలీదు, ఈయనకు అన్నీ తెలుసు" అన్నాడు. ఆమె వెనక్కి, నా వైపు ఒక్కసారి చూసి, "పాపం, అప్పటికి చిన్నవాడు లేరా" అంది.

మాట్లాడొద్దన్నా ఉండబట్టలేక చెయ్యెత్తాను. "ఆయన పులుసు మూడుసార్లు వడ్డించుకున్నాడు, అది కూడా రాసుకోండి" అన్నాను. క్లాసు నవ్వింది. నా పక్కనున్న పిల్లాడు బుద్ధిగా రాసుకున్నాడు. నేను మెడ చాచి అతని పుస్తకంలోకి చూశాను. "వెనక బెంచీలో ఒక ముసలాయన చెప్పాడు" అని ఉంది. పేరు చెబుదామని నోరు తెరిచి, ఎందుకో మూసుకున్నాను.